సాంచాల మోతలో ఒక మాట

సత్యవ్వ స్టవ్వు ఆపేసింది.

కోడికూర ఇంకా సగమే ఉడికింది. పక్కన బగారన్నానికి పెట్టిన ఎసరు కళపెళ మరుగుతోంది. దాన్నీ ఆపేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, వంటింటి గడప మీద కూలబడి, గోడ వైపు తిరిగింది.

ఇంటి పక్క మగ్గాల కార్ఖానాలోంచి తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన మొగుడు ముత్యం అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరక్కుండానే సత్యవ్వ ఆ సంగతి కనిపెట్టింది. ఆగడా మరి! ఆమె నోరు చేసుకుంటే అతను భయపడడు. అది రోజూ ఉన్నదే. ఆమె నోరు మూసుకుని పొయ్యి ఆర్పిందంటే మాత్రం అతనికి కాళ్లాడవు.

"ఏమైందే?"

సత్యవ్వ గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"సుట్టాలు బజారు సూసి అచ్చే యాళ్లయింది. కూర ఉడకద్దా?"

"ఎవలికి సుట్టాలు?"

ముత్యం తల పట్టుకున్నాడు. పొద్దున కోరుట్ల నుంచి వాళ్లు కారు దిగగానే ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చింది ఈమే. పిల్లగాడి తల్లి పోచవ్వను "రా వదినా" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చిందీ ఈమే. పిల్లగాడు మధును చూసి, "మనిషి నెమ్మదస్తుడు, బిడ్డ సుకపడతది" అని వంటింట్లో పదే పదే మురిసిపోయిందీ ఈమే. వాళ్లు ఈ ఇంటి కొడుకు రాకేశ్‌ను వెంటబెట్టుకుని ఊరు చూడ్డానికి అటు వెళ్లారో లేదో, ఇటు ఇంట్లో మంట ఆరిపోయింది.

"సత్తెవ్వా, ఇంతల్నే ఏం మునిగిందే?"

"లగ్గం గిగ్గం ఏం లేదు. ఆళ్లు వద్దనకముందే మనమే వద్దని చెప్పు. చాయ తాగిండ్రు గదా, సాలు. అన్నం గూడ పెట్ట."

ఆ మాటకు లోపలి గదిలోంచి అలేఖ్య వచ్చింది. జగిత్యాలలో రక్తపరీక్షల ల్యాబులో పని చేసే పిల్ల. ఆ ల్యాబు పక్కనే మధు కళ్లద్దాల దుకాణం. ఒకరినొకరు ఇష్టపడ్డారు, ఇళ్లలో చెప్పారు, ఇటు కులం ఒకటే, అటు మనుషులూ మంచివాళ్లే. ఇక ఏ అడ్డం లేదనుకున్న రోజున తల్లి గడప మీద అడ్డంగా కూర్చుంది.

"అమ్మా, ఏమన్నరాళ్లు?"

"నాతోటి ఏమంటరు? ఆళ్లల్ల ఆళ్లు అనుకుంటుండ్రు."

"ఏమని?"

సత్యవ్వ కూతురి ఎడమ చేతి వైపు గడ్డం ఎత్తి చూపింది. మోచేతి దాకా కుట్టించిన జాకెట్టు చెయ్యి అది. ఆ గుడ్డ కింద, అరచేతిలో సగమంత తెల్లమచ్చ. ఉన్నట్టుండి వచ్చింది. కరీంనగర్ డాక్టరు మందులిచ్చాడు. అక్కడికక్కడ ఆగిపోయింది. ఆగిపోయిందని డాక్టరు ఎంత చెప్పినా, సత్యవ్వ, కూతురు సెలవుకు ఇంటికొచ్చినప్పుడల్లా తల దువ్వుకుంటుంటే ఓరకంట చూసి, పెరగలేదని నిమ్మళపడుతూనే ఉంటుంది. లగ్గం ఖాయమయ్యాక చెబుదాం, ముందే ఎందుకు అని పట్టుబట్టిందీ ఆమే.

"ఆళ్లకు తెల్సిపోయింది," అంది సత్యవ్వ.

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు ముత్యం.

"ఎవలు చెప్పుడెందుకు? నా కండ్లతోటి ఇన్న."

కళ్లతో వినడమేమిటని బయటి ఊళ్ల వాళ్లు నవ్వుతారేమో కానీ సిరిసిల్లలో ఎవరూ నవ్వరు. కార్ఖానాలో కరెంటు మగ్గాలు, అంటే సాంచాలు, ఆడుతున్నప్పుడు గొంతు చించుకుని అరిచినా పక్క మనిషికి వినపడదు. అందుకని అక్కడ పనిచేసే వాళ్లు పెదవులు చూసి మాట పట్టేస్తారు. అందులో సత్యవ్వను మించినవాళ్లు బీవై నగర్‌లో లేరు. ఎదురింటి అత్తాకోడళ్లు కిటికీలో నిలబడి ఏం పోట్లాడుకున్నారో ఇక్కడి నుంచే చెప్పేస్తుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుందని ఆమెను చూసి వాడకట్టు ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడతారు.

పొద్దున చాయ తాగాక నర్సింగం, అంటే మధు తండ్రి, "సాంచాలు సూస్త బావా" అని ముచ్చటపడ్డాడు. వాళ్లది తాతల నాడు మగ్గం ఇల్లే. తర్వాత కోరుట్లలో బట్టల దుకాణంలో పడి మగ్గం మర్చిపోయారు. అందరూ కార్ఖానాలోకి వెళ్లారు. ఆర్డరు చీరలు నడుస్తున్నాయి. ఆ మోతకు పోచవ్వ ముందు చెవులు మూసుకుంది. తర్వాత అలవాటు పడి, ఒక సాంచా ముందు నిలబడి, కాసేపు గుడ్డను చూసింది, కాసేపు అలేఖ్యను చూసింది. భర్త చెవి దగ్గరికి వంగింది.

"ఏమన్నదో సెప్పాల్నా?" అంది సత్యవ్వ. "'పిల్లకు మచ్చున్నదా?' అన్నది."

అలేఖ్య ముఖం వాడిపోయింది.

"గాయినేమన్నడు?" అన్నాడు ముత్యం.

"'నాకేమెరుక, ఆళ్లమ్మను అడుగు' అన్నడు. గప్పుడామె నోటి మీద ఏలు వెట్టుకుని, 'అడిగితె తెల్సిపోతది, ఊకో' అన్నది. అని, పిల్ల రెట్ట దిక్కు సూసింది. గిట్ల, గుచ్చి గుచ్చి సూసింది. ఇంకేం గావాలె?"

"నువ్వు తప్పు సదివినవేమోనే."

"నేనా? తప్పా?" సత్యవ్వ అప్పుడు తిరిగింది గోడ వైపు నుంచి. "మన పెండ్లినాడు నువ్వు నీ సోపతిగాండ్లతోటి పిల్ల పొట్టిగున్నదన్నవు. పందిట్ల అంత దూరం కెల్లి పట్టుకున్న. అది తప్పా?"

ఇన్నేళ్లుగా ఆ మాట కాదనీ అవుననీ తేల్చలేక నలిగిపోతున్న ముత్యం ఇప్పుడూ తేల్చలేదు. "పొద్దుగాల నేను తెగిన పోగు అతుకుతున్న. ఆళ్లను సూడలే," అని గొణిగాడు.

"తెలిస్తె తెలిసిందమ్మా," అంది అలేఖ్య. గొంతు మాత్రం తెలిస్తే తెలిసినట్టు లేదు. "నేను ముందుగాలనే చెప్దామన్న. నువ్వే ఆపితివి."

"ఆప్తె తప్పా? ముందే జెప్తె ఇంటికి అత్తురా?"

"రాకుంటె రాకపోదురు! రోగమా అది? అంటుతదా? నేను రోజు మందికి పరీక్షలు చేస్త, నాకెరుకలేదా? నువ్వు దాస్తనే అది పెద్దగ కనవడుతది."

"నీకేమే! సదువుకున్నవు. మంది ఏమనుకుంటరో నీకు తెల్వది. మచ్చల పిల్ల అని ఒక్క మాట బయటవడితె..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది సత్యవ్వ. తన బిడ్డను ఎవరో మచ్చను చూసి వద్దనడం, ఆ మాట చెవిన పడేదాకా తాను ఇక్కడ వాళ్లకు వడ్డిస్తూ నిలబడడం, ఆమె వల్ల కాదు. అంతకన్నా తానే ముందుగా వద్దనేస్తే బిడ్డకు తల ఎత్తుకుని తిరగడానికైనా ఉంటుంది. ఆమె కోపం వెనక ఉన్నది ఇంతే. భయం.

పక్కన కార్ఖానాలో సాంచాలు తమ మానాన తాము వాగుతున్నాయి.

అలేఖ్య తల్లిని దాటుకుని లోపలికి వెళ్లి స్టవ్వు వెలిగించింది.

"ఏం జేస్తున్నవే?"

"వద్దనేటోళ్లకైనా అన్నం పెట్టి పంపుతరు మనింట్ల."

సత్యవ్వ ఇంకా కాసేపు బెట్టు చేసేదే. కానీ పిల్ల కూరలో ఉప్పు కోసం చెయ్యి చాస్తుంటే ఉండబట్టలేకపోయింది. "ఏసిన, ఏసిన! మల్ల ఎయ్యకు!" అని లేచింది. లేచాక గరిటె ఎలాగూ చేతికొచ్చింది.

కూర దించేసరికి గుమ్మం ముందు కారు ఆగింది.

ముందుగా నర్సింగం గొంతు వినబడింది. ఆయన ఊరంతా తిరిగి పిల్లాడిలా మారిపోయి వచ్చాడు. "బావా, మా నాయిన జెప్పిన బజారు గిట్లనే ఉన్నది! పాత దుకాణాల ముంగట గా కర్ర దిమ్మెలు, గా అరుగులు, అన్నీ సూసిన. ఎడ్లబండి కట్టుకొచ్చి గా అరుగు మీదనే పండుకునేటోడట. పొద్దుగాల గుడ్డ కొని కోరుట్ల తోవ వట్టేటోడట. మానేరు ఒడ్డుకు గూడ పోయినం. మా నాయిన ఎడ్లకు నీళ్లు తాపింది గీడనే అనుకుంట కొద్దిసేపు కూసున్న."

"ఒక్క దుకాణం ఇడిసిపెట్టలేదు బాపూ," అన్నాడు రాకేశ్ నవ్వుతూ. "ముసలోళ్లు కనవడితె సాలు, మీది ఏ ఇల్లు, మీ తాత ఎవలు అని అడుగుడే. ఆఖరికి ఒకాయన ఇంట్లకు పిలిచి సర్వపిండి పెట్టిండు." ఆర్డరు మర్నాటికి అందివ్వాలి కనుక అతను అట్నుంచి అటే సాంచాల దగ్గరికి వెళ్లిపోయాడు.

వినడానికి ఎంత బాగుంది! సత్యవ్వ మనసు ఆ మాటలకు కరగబోయి, పోచవ్వను చూడగానే మళ్లీ గడ్డకట్టింది. పోచవ్వ ఏదో కవరు వీపు వెనక దాచుకుని లోపలికొచ్చింది. అలేఖ్య వైపు, ఆ చేతి వైపే చూసింది. చూసి ముసిముసిగా నవ్వుకుంది.

నవ్వుతుందా పైగా!

చాప వేశారు. నర్సింగం, మధు, ముత్యం కూర్చున్నారు. పోచవ్వ కూడా కూర్చుంది. అలేఖ్య పళ్లేలు పెట్టింది. సత్యవ్వ అన్నం గిన్నె తెచ్చి, గంటె ముంచి, అలాగే నిలబడిపోయింది.

"వడ్డించే," అన్నాడు ముత్యం మెల్లగా.

"వడ్డిస్త. వదినా, అన్నం పెట్టేముందు ఒక్క మాట."

"చెప్పు వదినా."

"పొద్దుగాల కార్ఖానల అన్న చెవుల ఏదో అన్నవు."

పోచవ్వ ఉలిక్కిపడింది. గిర్రున భర్త వైపు తిరిగింది. "సెప్పినవా?"

"నీ తోడు, నోరిప్పలే!" అన్నాడు నర్సింగం.

"ఎవ్వలు చెప్పలే. నేనే సూసిన. పెదవులు సూస్తె నాకు మాట తెలుస్తది. సాంచాల నడుమ మాకు చెవులు పని జెయ్యయి వదినా, కండ్లే."

పోచవ్వ నాలిక కరుచుకుంది. "అయ్యో! నీకు తెల్వకుండ జేద్దామనుకుంటి గదా!"

"అగో! ఒప్పుకుంటివి." ఇక సత్యవ్వను ఆపడం ఎవరి తరం? గొంతు కార్ఖానా గొంతైంది. "పిల్లకు మచ్చున్నదా అని నా ఇంట్ల నిలవడి గుసగుసలెందుకు? నన్నే అడగద్దా? ఉన్నది. నా బిడ్డ ఎడమ రెట్టకు తెల్లమచ్చున్నది. పెరగది అన్నడు డాక్టరు. ఎవ్వలికి అంటుకోదు. దాసి పెట్టింది నేను, పిల్ల గాదు. గది తప్పంటె తిట్టుండ్రి, పడత. గని నా బిడ్డను గట్ల ఓరగంట సూడకుండ్రి. నా పానం పోతది."

చెప్పేసింది.

ముత్యం కళ్లు మూసుకున్నాడు. అలేఖ్య నేల చూసింది. పోచవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మచ్చనా?" అంది చివరికి. "ఏ మచ్చ వదినా?"

ఈసారి సత్యవ్వ నోరు తెరుచుకుంది.

పోచవ్వ పక్కనున్న కవరు లాగి, లోపలున్నది బయటికి తీసింది. వరిమడి రంగు పట్టుచీర, ఎర్రంచు. "పిల్లకు పచ్చున్నదా అన్న నేను. పచ్చ చీర! సాంచ మీద పచ్చ గుడ్డ సూసిన గదా, గది పిల్లకు ఎంత మంచిగుంటదో అని మనసైంది. ఉన్నదో లేదో అని ఈయినను అడిగిన. నిన్ను అడగమన్నడు. అడిగితె తెల్సిపోతది, ముచ్చట పోతదని నేనే వద్దన్న. జాకీటు కొలత ఎంతుంటదో అని రెట్ట దిక్కు సూసిన. గంతే వదినా!"

పచ్చ. మచ్చ. సత్యవ్వ లోపల్లోపలే అనుకుని చూసుకుంది. పెదవులు రెంటికీ ఒకేలా మూసుకుని, ఒకేలా విడుతున్నాయి. పక్కన ముత్యం పెదవులు కూడా గప్‌చుప్‌గా అదే పాఠం వల్లిస్తున్నాయి. అంత మోతలో, పెదవుల లోపల ఏముందో దేవుడికైనా తెలుస్తుందా! ఎవరూ అడగని మాటను, ఇంతకాలం కడుపులో దాచుకున్న మాటను, తన నోటితో తానే వాడకట్టంతా వినపడేలా చెప్పేసింది. సిగ్గుతో సత్యవ్వ చెవులు కాలిపోయాయి. గంటె గిన్నెలో పడేసి గోడకు ఆనుకుంది.

అలేఖ్య వచ్చి పోచవ్వ ముందు కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"గిది అత్తమ్మా. సూడుండ్రి."

పోచవ్వ చూసింది. వంగి, తీరిగ్గా చూసింది. నర్సింగం మర్యాదగా తల పక్కకు తిప్పుకున్నాడు.

"నాకెరుకే అమ్మా," అన్నాడు మధు. "అలేఖ్య ఎప్పుడో చెప్పింది."

"ఎప్పుడు జెప్పినవే?" సత్యవ్వ గోడ దగ్గర నుంచే కూతుర్ని నిలదీసింది.

"నువ్వు చెప్పద్దన్న తెల్లారే."

ముత్యం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పోచవ్వ మాత్రం నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది. "మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు ముందుగాల పిల్లను సూడాలె. చెప్తె మచ్చనే సూస్తవు."

"గంత తెల్వనిదాన్నారా నేను?" అంది పోచవ్వ. ఆ మాటలో నొప్పి ఉంది. కొడుకు తల దించుకున్నాడు.

పోచవ్వ ముందుకు జరిగింది. అలేఖ్య చేతిని ఒళ్లోకి లాక్కుని, మచ్చ మీద బొటనవేలితో మెల్లగా రాసింది. "నొస్తదా బిడ్డా?" "నొయ్యది అత్తమ్మా." జాకెట్టు చెయ్యి పోచవ్వే కిందికి దించి సరిచేసింది. పచ్చ చీర తీసి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

"నీకోసం కొన్న. నీదే. లగ్గం ముచ్చట వేరే, చీర ముచ్చట వేరే."

వేరే అనేసరికి, లగ్గం కాదంటుందేమోనని సత్యవ్వ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"నిలవడుతవేంది వదినా?" అంది పోచవ్వ. "అన్నం పెట్టు. ఊరంత తిరిగి ఆకలైతుంది."

వడ్డించింది సత్యవ్వ. అడగని వాళ్లకూ వేసింది, చాలన్న వాళ్లకూ వేసింది. నర్సింగం కూర బాగుందని లొట్టలేస్తూ, మానేరు చేపల సంగతి ఎత్తాడు. ముత్యం అందుకున్నాడు. మధు అలేఖ్యను చూసి చిన్నగా నవ్వాడు. అలేఖ్య ఒళ్లోని చీర అంచు నిమురుకుంటూ కూర్చుంది, ఆ పచ్చదనం ముఖం మీదికి పాకినట్టు వెలిగిపోతూ. ఇన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి సత్యవ్వకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొరపాటునైనా చెప్పేసింది. ఏమైతే అదైంది. కూతురి చెయ్యి ఇక గుడ్డ కింద దాక్కోనక్కర్లేదు.

అప్పుడు చూసింది, పోచవ్వ తినడం లేదని. అన్నం కలుపుతోంది, మళ్లీ కలుపుతోంది, ముద్ద మాత్రం ఎత్తడం లేదు.

"ఏంది వదినా, కారమైందా?"

"కారం కాలే." పోచవ్వ తల ఎత్తలేదు. "తప్పుగ ఇనో, ఒప్పుగ ఇనో, నువ్వు మీ ఇంటిది మా ముంగట వెట్టినవు. ఇగ నాకు ముద్ద దిగుతలేదు. మేం గూడ ఒకటి దాసినం."

నర్సింగం చేపల మాట మధ్యలోనే ఆగిపోయింది. "పోచవ్వా! ఇప్పుడెందుకే?"

"ఇప్పుడే. ఆమె సెప్పినంక నేను సెప్పకుంటె ఎట్ల?"

మధు నోటి దాకా తెచ్చిన ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. అతని ముఖంలో రంగు లేదు. అలేఖ్య అతన్నే చూస్తోంది. ఆ చూపును బట్టి, ఆ రెండో దాపరికం ఆమెకూ తెలియదని సత్యవ్వకు అర్థమైంది.

పోచవ్వ పెదవులు కదిలాయి. గొంతు తగ్గించి ఏదో అంది. పక్కనే సాంచాల మోత. సత్యవ్వ చూపు అలవాటుగా ఆ పెదవుల మీదికి పోయింది. ఒక మాట పట్టుకుంది కూడా. నిజం కాకూడదనిపించే మాటే, కానీ పచ్చను మచ్చ చేసినవీ ఈ కళ్లే కదా. వెంటనే కళ్లు దించేసుకుని, కార్ఖానా తలుపులోంచి కనబడుతున్న కొడుకు వైపు తిరిగి, గొంతెత్తి కేకేసింది.

"రాకేశూ! సాంచాలు బందువెట్టు!"

"ఆర్డరున్నదే అమ్మా!"

"ఉండనియ్యి. అన్ని బందువెట్టు. గీ మాట నేను చెవులతోటి ఇనాలె."

ఒకటొకటిగా సాంచాలు ఆగాయి. సత్యవ్వ చేతులు కడుక్కుని వచ్చి, పోచవ్వకు ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఇగ చెప్పు వదినా," అంది.